మడతలో మాట

చిక్కడపల్లి,
20 జూన్ 1999

చెల్లీ హైమా,

మీ అక్క దీవెనలు. ఇక్కడ వానలు పడ్డాయి, కరెంటు దాని ఇష్టం వచ్చినప్పుడు పోతోంది, అయినా అందరం బాగానే ఉన్నాం. నాగపూర్‌లో నువ్వూ మరిదిగారూ అంతకంటే బాగున్నారని అనుకుంటున్నాను.

నీ కూతురి సంగతి ముందు చెప్పకపోతే మిగతాది చదవవు. సంయుక్త మా ఇంట్లో బాగా కుదురుకుంది. పొద్దున అశోక్‌నగర్‌లో కోచింగు, మధ్యాహ్నం లైబ్రరీ. సాయంత్రం ఇంటికొచ్చి ముందు గదిలో చాప పరుచుకుని మళ్లీ పుస్తకాలు. మూడోసారి రాస్తున్నానన్న బెంగ ముఖంలో ఉంది కానీ బయటికి చెప్పదు. మీ బావ మాత్రం ఈసారి గ్రూప్స్ కొట్టి తీరుతుందని ఎదురింటివాళ్ల దగ్గర అప్పుడే చాటింపు వేశాడు.

మా అత్తమ్మకు అద్దాలు మార్చినా అక్షరాలు ఆనడం లేదు. అందుకని నీ ఉత్తరాలు ఇప్పుడు సంయుక్తే చదివి వినిపిస్తోంది. చివరి మడత దగ్గరికి రాగానే కళ్లు అటు తిప్పుకుని, మలిచి నా చేతిలో పెడుతుంది. మన అమ్మ దగ్గర నువ్వు నేర్చుకున్నది నీ దగ్గర అది నేర్చుకుంది. నిన్న అత్తమ్మ ఉండబట్టలేక "మడతల ఏమున్నదే?" అని అడిగింది. "అది పెద్దమ్మది అవ్వా, నేను సూడ" అంది. అప్పుడు నేనే అత్తమ్మకు చెప్పాల్సి వచ్చింది: ఇన్‌లాండ్ ఉత్తరం లోపలంతా ఇంటిల్లిపాదికీ, అంచున మిగిలిన ఆ చిన్న మడత మాత్రం ఎవరి పేరు మీద వస్తే వాళ్లకే, మా పుట్టింటి పద్ధతి ఇదీ అని. ఆమెకు నచ్చలేదులే.

నారాయణగూడలో మనం టైపు నేర్చుకున్న ఎల్లేశం గారి ఇన్‌స్టిట్యూట్ గుర్తుందా? మిషన్లన్నీ తీసేసి కంప్యూటర్లు పెట్టాడు. ఇప్పుడది ఇంటర్నెట్ సెంటర్. అక్కడ రాస్తే నాగపూర్‌లో క్షణంలో కనబడుతుందట. మీ స్కూల్ ఆఫీసులో కూడా కంప్యూటర్ వచ్చిందన్నావు కదా, కనుక్కో.

(మడతలో)
హైమా, అత్తమ్మతో ఈ వారం నా పని అయిపోయింది. చాయ్‌పత్తా డబ్బా తన మంచం కింద పెట్టుకుంటోంది. ఒక్కోసారి పుట్టింటికి పోదామనిపిస్తుంది, పుట్టింట్లో ఎవరున్నారని? ఇది చదివి చింపెయ్. నువ్వు చదివేసరికి నా కోపం ఎలాగూ పోయి ఉంటుంది.

నీ
త్రివేణక్క


నాగపూర్,
4 జూలై 1999

అక్కా,

నమస్కారాలు. బావగారికీ, యశోదమ్మ అత్తమ్మకూ కూడా. ఉత్తరం ఐదారు రోజులకు చేరింది, ఒక మూల తడిసింది.

కంప్యూటర్ నేర్చుకున్నాను. నవ్వకు. మా హెడ్‌మిస్ట్రెస్ ఆఫీసులో పనిచేసే అందరినీ క్లాసుకు పంపింది. ఇప్పుడు ఊళ్లు ఊళ్లు తిరిగి చూడొచ్చు, ఎక్కడి పేపరైనా చదవొచ్చు. నిన్న మధ్యాహ్నం నేను హైదరాబాద్ వాతావరణం చూశాను. మీ ఇంటి మీద మబ్బు ఉందని తెలుసుకుని ఎంత సంబరపడ్డానో. ఇంత దగ్గరగా ఉండి ఇన్నేళ్లు పోస్ట్‌మ్యాన్ కోసం గేటు పట్టుకుని నిలబడ్డామా అనిపించింది.

ఎల్లేశం గారి దగ్గర నీకూ ఒక అడ్రస్ తీయించు. ఫోనుంది కదా అంటావేమో. మా పక్కింటివాళ్ల హాల్లో నిలబడి, వాళ్లందరూ టీవీ గొంతు తగ్గించి వింటుంటే నేనేం మాట్లాడతాను? మీ ఫోనూ అంతే కదా, ముందు గదిలో.

(మడతలో)
చాయ్‌పత్తా సంగతి చదివి నవ్వుకుని చింపేశాను. సంయుక్త సరిగ్గా తింటోందా? అది ఉత్తరాల్లో అంతా బాగుందనే రాస్తుంది. బాగుందని మరీ ఎక్కువ రాస్తే నాకు భయం.

హైమ


చిక్కడపల్లి,
30 జూలై 1999

హైమా,

ఆశీస్సులు. నువ్వు చెప్పిన పని చేశాను. సంయుక్తతో కలిసి నారాయణగూడ పోయి అడ్రస్ తీయించుకున్నాను. పెళ్లయినప్పటి నుంచి నా పేరుతో వచ్చే ఉత్తరం మీద కూడా మీ బావ పేరు పక్కన ఉండేది. ఇప్పుడు నా పేరొక్కటే ఉన్న అడ్రస్ అయింది. కొంచెం గర్వంగానే ఉంది.

మిషన్ గరగరమని కూసి కూసి, చివరికి కలిసింది. ఒకాయనకు దుబాయి నుంచి ఉత్తరం వస్తే ఎల్లేశం గారు దాన్ని కాగితం మీద వేసి, రెండు మడతలు పెట్టి ఇచ్చాడు. మామూలు ఉత్తరంలాగే జేబులో పెట్టుకుని పోయాడాయన. నీ ఉత్తరం కూడా ఇట్లాగే వస్తుంది. రాయి, వారం వారం కనుక్కుంటాం.

(మడతలో)
పిల్ల బాగానే తింటోంది. పెరుగన్నం దగ్గరే పేచీ. నువ్వు ఊరికే దిగులు పెట్టుకోకు.

అక్క


ఈ-మెయిల్
నాగపూర్, 9 సెప్టెంబర్ 1999

త్రివేణక్కకు నీ చెల్లెలి మొదటి కరెంటు ఉత్తరం!

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం అంటే కుడిచేత్తో తినేదాన్ని ఎడమచేత్తో తినడంలా ఉంది. ఓపిగ్గా చదువుకో. మేము కులాసా. ఇక్కడ వినాయకుడి పందిళ్లు వేస్తున్నారు. మీ మరిదిగారికి మోకాలి నొప్పి తగ్గింది.

బతుకమ్మ పండక్కి సంయుక్తకు సుల్తాన్‌బజార్‌లో మంచి చీర తీసుకో. కుంకుమ రంగు దానికి బాగుంటుంది. పుస్తకాల నెపం పెట్టి ఇంట్లో కూర్చుంటానంటుంది, వినకు. చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, బర్కత్‌పురలో రత్నమాల ఇంటికి తప్పకుండా తీసుకుపో. చిన్నప్పుడు మనిద్దరం రత్నమాలతో కలిసి ఆడినట్లే అదీ ఆడాలి. యశోదమ్మ అత్తమ్మ కాళ్లకు నా దండాలు.

ఇక్కడి నుంచి మడత అక్కా. నీ ఒక్కదానికే.

సంయుక్తకు ఈ పరీక్ష రాదు. రెండుసార్లు పోయింది, మూడోసారీ పోతుంది. కష్టపడుతుంది కానీ అంత తెలివి లేదు దానికి. కన్నదాన్ని, నాకు తెలియదా? ఊరికే మనల్ని మనం మోసం చేసుకుంటున్నాం. రత్నమాల ఆడబిడ్డకు బ్యాంకులో పనిచేసే కొడుకున్నాడు. ఆమె సద్దుల నాడు రత్నమాల ఇంటికి వస్తుంది, పిల్లను చూస్తుంది. సంయుక్తకు ముందే చెప్పకు, చెప్తే రాదు. పరీక్ష రాయనీ, ఆశ మనమెందుకు చెడగొట్టాలి? పోయాక పెళ్లి మాట ఎత్తుదాం. నీకు సరే అయితే సరే అని ఒక్క మాట రాయి చాలు.

హైమ


ఈ-మెయిల్
నారాయణగూడ, 14 సెప్టెంబర్ 1999

హైమకు,

నీ ఉత్తరం అందింది. అత్తమ్మ రెండుసార్లు చదివించుకుని వింది. నువ్వు రాసినవన్నీ సరే. కుంకుమ రంగు చీర తీసుకుంటాను. సద్దుల నాడు రత్నమాల ఇంటికి తీసుకుపోతాను. మీ బావ దీవెనలు.

అక్క


చిక్కడపల్లి,
22 అక్టోబర్ 1999

హైమా,

దసరా దీవెనలు. జమ్మి ఆకు ఒకటి ఇందులో పెట్టాను, చేరేసరికి పొడి అయినా బంగారమే అనుకో.

ఈసారి ఇన్‌లాండ్‌లోనే రాస్తున్నాను, ఎందుకంటే రాయాల్సింది చాలా ఉంది. సద్దుల నాడు సంయుక్త రత్నమాల ఇంటికి రాలేదు. కొత్త చీర కట్టుకుంది, తంగేడు పూలు పేర్చింది, గడప దగ్గరికి వచ్చింది. ఆటో పిలిచేసరికి తల నొస్తోందని వెనక్కి తిరిగింది. పండగపూట పిల్లను ఏడిపించడం ఎందుకని నేను బలవంతం చేయలేదు. అత్తమ్మ దగ్గర ఉంచి నేనొక్కదాన్నే పోయి వచ్చాను. రత్నమాల నువ్వెట్లా ఉన్నావని అడిగింది. ఎందుకో ముభావంగా ఉంది, పని తొందర కావచ్చు.

పండగైన మర్నాడు సంయుక్త అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్‌లో చేరింది. ఇక్కడ ఫోనూ, వచ్చేపోయే జనం, చదువు సాగడం లేదంది. మీ బావ ఆపబోయాడు. పరీక్షలు దగ్గరపడ్డాయి కదా, పోనివ్వండి అన్నది నేనే. నీకు రాశానని చెప్పింది. అంతా నీకు తెలిసే జరిగిందనుకుంటాను.

(మడతలో)
అది పోయాక ఇల్లు బోసిగా ఉంది. ఏదో మనసులో పెట్టుకుంది హైమా. నెల రోజులుగా నాతో కూడా మాట తగ్గించింది. అడిగితే ఏం లేదంటుంది. పరీక్ష భయమేనా?

త్రివేణక్క


నాగపూర్,
29 అక్టోబర్ 1999

అక్కకు,

ఇది లోపల ఏమీ లేని ఉత్తరం, అంతా మడతే అనుకో. ఎవరికీ చదివి వినిపించకు.

నువ్వు నాకు సరే అని రాశావు. ఆ సరే నమ్ముకుని నేను రత్నమాలకు మాటిచ్చాను. ఆవిడ ఆడబిడ్డ పొద్దుగూకేదాకా ఎదురుచూసిందట. నువ్వేమో ఒక్కదానివే పోయి, ఏమీ ఎరగనట్లు పూలు చల్లి వచ్చావు. పిల్లకు తలనొప్పి అన్నావు. పిల్ల హాస్టల్‌కు పోతానంటే పోనివ్వమన్నది నువ్వే. అది నాకు రాసిందనడం అబద్ధం. ఈ రెండు నెలల్లో ఒక్క అక్షరం రాయలేదు.

నాకు ఒకటే అనుమానం. నేను రాసింది నువ్వు దానికి చెప్పేశావు. దాని ముందు నువ్వు మంచిదానివయ్యావు, నేను చెడ్డదాన్నయ్యాను. నీకు ఆడపిల్ల లేకపోతే నా పిల్లను నీ వైపు తిప్పుకోవాలా అక్కా? చిన్నప్పటి నుంచి నీ మడతలో మాట ఏదీ నా నోరు దాటలేదు. నా మడత ఒక్కటి నువ్వు దాచలేకపోయావు.

హైమవతి


చిక్కడపల్లి,
12 నవంబర్ 1999

హైమా,

నీ ఉత్తరం చదివి మూడు పూటలు వంటింట్లోంచి బయటికి రాలేదు. నాకు ఆడపిల్ల లేదన్న మాట నువ్వంటావనుకోలేదు. బదులు రాయకూడదనే అనుకున్నాను. కానీ నువ్వు ఏ మడత సంగతి అంటున్నావో నాకు నిజంగా అర్థం కాలేదు. నాకు వచ్చిన ఉత్తరంలో చీర, బతుకమ్మ, మరిదిగారి మోకాలు, ఇంతే ఉన్నాయి. నా సరే వాటికే.

కారప్పూస డబ్బా పట్టుకుని అశోక్‌నగర్ పోయాను. ఇరుకు గది, నాలుగు మంచాలు, మంచాల నిండా పుస్తకాలు. మిగతా పిల్లలు మాకోసం బయటికి పోయారు. నీ ఉత్తరం దాని చేతిలో పెట్టి ఇదేమిటని అడిగాను. చదివి, మలిచి నా చేతికి తిరిగి ఇచ్చింది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. ఇది నీకు ముందే రాయాలన్న ఆలోచనే రాలేదు నాకు. ఇంగ్లీషు అక్షరాల తెలుగు నేను చదవలేకపోయాను, అత్తమ్మ సంగతి సరేసరి. అందుకని సంయుక్త తెర మీద చూస్తూ, తెలుగులో కాగితం మీద రాసి తెచ్చి ఇంట్లో చదివేది. నా బదులు కూడా నేను చెప్తుంటే అదే కొట్టింది. ముత్యాల్లాంటి రాత అని మురిసిపోయానే గానీ, నీ మడత దాని చేతుల మీదుగా రావాలని నాకు తట్టలేదు. నువ్వు మడత పెడతావనీ తెలియదు.

అది అన్న మాటలు దాని మాటల్లోనే రాస్తున్నాను.

"మడత అని సూడంగనే కండ్లు మూసుకున్న పెద్దమ్మా. తెరిచేవరకు కింద మాటలన్ని కనబడ్డయి. కాయితమైతే మలిచి నీ చేతుల పెట్టేదాన్ని. గా తెర మీద ఉన్నదాన్ని ఎట్ల మలవాలె? నీకియ్యాలంటె నేనే రాయాలె. సంయుక్తకు తెలివి లేదు అని నా చేతితోని రాసి నీకు తెచ్చియ్యాల్నా? రాద్దామనే కూసున్న. చెయ్యి రాలె."

ఏడవలేదు. ఏడిస్తే దగ్గరికి తీసుకునేదాన్ని. ఆ తరువాత నా సరేను కూడా తనే కొట్టింది కదా హైమా. నేను చీరకు అన్న సరే నీకు దేనికి చేరుతుందో దానికి తెలుసు. తెలిసే కొట్టింది. "నువ్వు చెప్పింది నువ్వు చెప్పినట్లు పంపాలె గద" అంది.

వాడకట్టులో అందరికంటే నీ ఉత్తరం ముందొస్తోందని చెప్పుకుని తిరిగాను. నాకు సిగ్గుగా ఉంది.

(మడతలో)
నీ మీద కోపం పోలేదు. కానీ నీకెట్లా ఉంటుందో అని కూడా ఉంది.

అక్క


నాగపూర్,
18 డిసెంబర్ 1999

అక్కా,

నీ కాళ్లు పట్టుకున్నాననుకో. ఆడపిల్ల మాట నేను అనవలసింది కాదు. ఉత్తరం పోస్టు డబ్బాలో వేయగానే చెయ్యి లోపలికి పెట్టి తీసుకుందామనిపించింది. నెల రోజులుగా నీకు రాయడానికి ముఖం చెల్లలేదు.

నువ్వే చదువుకుంటావనుకున్నాను. బదులు ఎల్లేశం గారు కొట్టిపెట్టాడనుకున్నాను. ఒకవేళ సంయుక్త చేతికే వచ్చినా మడత అన్న మాట చాలు, చూడదు అనుకున్నాను. అది చూడని పిల్లే. నేనే దానికి చూడక తప్పని చోట పెట్టాను.

మడతలో మనం ఏం రాసుకునేవాళ్లం అక్కా? పచ్చిమాటలు. సగం భయం, సగం కోపం. నువ్వు చదివి అందులో సగం తీసేస్తావని నాకు ధైర్యం. నువ్వు పుట్టింటికి పోతానంటే నేను నమ్మానా? దానికి తెలివి లేదని నేను రాస్తే నువ్వు "నీ మొహం" అని బదులు రాసేదానివి. నాకు ఆ బదులే కావాలి. అది నీ నుంచి వస్తే ధైర్యం తెచ్చుకుందామని రాశాను. నీ దాకా రాకుండానే అది దాన్ని చేరింది, సగం తీసేయడం తెలియని పిల్లకు.

పదిరోజుల కిందట ఆఫీసులో గ్రూప్స్ ఫలితాలు నెట్‌లో పెట్టారన్నారు. బావగారు ఫోనులో చెప్పిన దాని హాల్‌టికెట్ నంబరు క్యాలెండర్ మీద రాసి పెట్టుకున్నాను. కంప్యూటర్ ముందు అందరూ మూగారు. నంబరు ఉంది అక్కా. మొదటి పరీక్ష దాటింది. అందరూ చప్పట్లు కొట్టారు, హెడ్‌మిస్ట్రెస్ సంత్రా బర్ఫీ తెప్పించింది. దేశంలో ఎవరైనా చూడగలిగే చోట నేను నా బిడ్డ గెలుపు చూశాను. నా బిడ్డ మాత్రం నాకు చెప్పలేదు. బర్ఫీ చేతిలో పట్టుకుని బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చాను.

వారానికి దాని ఉత్తరం వచ్చింది. ఇన్‌లాండే. చలి ఎక్కువగా ఉందని, హాస్టల్‌లో పప్పు బాగుంటుందని, పాసయ్యానని, నాన్న మోకాలు ఎట్లా ఉందని రాసింది. ఒక్క మాట తక్కువా లేదు, ఎక్కువా లేదు. మడత తిప్పి చూశాను. ఖాళీ.

ఈ కవరులో దానికి రాసిన ఇన్‌లాండ్ ఉంది. అతికించలేదు. పోస్టులో పంపితే ఎప్పుడు తెరుస్తుందో. నువ్వే పోయి చేతికివ్వు. లోపల మామూలు సంగతులు రాశాను. క్షమించమని మడతలో రాశాను. దాని ఒక్కదానికే.

హైమ


చిక్కడపల్లి,
28 డిసెంబర్ 1999

హైమా,

దీవెనలు. రెండువేల సంవత్సరం వస్తోందని ఇక్కడంతా హడావుడి. ఆ రోజు కంప్యూటర్లన్నీ ఆగిపోతాయంటున్నారు. ఎల్లేశం గారు షాపు మూసి యాదగిరిగుట్టకు పోయాడు.

నీ ఉత్తరం తీసుకుని ఆదివారం అశోక్‌నగర్ పోయాను. సంయుక్త హాస్టల్ మెట్ల దగ్గరికి వచ్చింది. సన్నబడింది, మెయిన్స్‌కు చదువుతోంది. నిలబడే చదివింది. లోపలిదంతా చదివి, మళ్లీ మొదటి నుంచి చదివింది. సంత్రా బర్ఫీ దగ్గర నవ్వింది కూడా. మడత రాగానే కళ్లు అటు తిప్పుకుని, మలిచి నా చేతిలో పెట్టింది.

నీ పేరు మీద వచ్చిన ఉత్తరం బిడ్డా, మడత నీకే రాసింది మీ అమ్మ అని చెప్పాను. తల అడ్డంగా ఊపింది.

"మడత ఎప్పుడు గూడ నీదే పెద్దమ్మా. నాకు అమ్మ పైన రాసిందే అలవాటు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను వాదించేదాన్ని. లైబ్రరీకి టైమవుతోందని నా కాళ్లకు దండం పెట్టి పోయింది. ఆ మడత నేనూ చదవలేదు. దేవుడి గూట్లో పెట్టాను.

ఇంటికొచ్చాక అత్తమ్మ ఏమైందని అడిగింది. మొదటిసారి అంతా చెప్పాను, పైనదీ మడతదీ. ఆనాడు మడతలో ఏముందని అడిగిన మనిషి, అంతా వింది. తరువాత అంది: "ఇంక రాసుడు బంద్ చెయ్యుమను. వచ్చి, పిల్ల ముంగట కూసోని, నోటితోని చెప్పుమను."

నాకూ అదే సరైనదనిపించింది. నువ్వు బండెక్కి రా. సంక్రాంతికి ముందొచ్చే ఆదివారం సంయుక్త మా ఇంటికి భోజనానికి వస్తానంది. నువ్వొస్తున్నట్లు దానికి ముందుగా చెప్పనులే అని రాయబోయి కలం ఆపాను. చెప్తాను. నేనే పోయి చెప్పి వస్తాను. అప్పుడది వస్తుందో రాదో దాని ఇష్టం.

రాకపోయినా నువ్వు రా. దాని హాస్టల్ మెట్ల దాకా ఇద్దరం కలిసి పోదాం.

ఈ ఉత్తరంలో మడత ఖాళీగా వదిలాను. అతికించే ముందు అంతా అత్తమ్మకు చదివి వినిపించాను.

నీ
త్రివేణక్క